పండుగ బిందె

మెట్టుగూడ, సికిందరాబాద్
8 సెప్టెంబర్ 1996

లీలా,

చాలా ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. నీళ్లకు కాపలా ఆడవాళ్లకు ఎవరు అప్పజెప్పారు? హక్కుగా ఇచ్చారా, చాకిరీగా అంటగట్టారా? ఈ ఏడు మా కాలేజీలో బి.ఏ. ఆఖరి సంవత్సరానికి 'స్త్రీలు - పర్యావరణం' అని కొత్త పేపరు పెట్టారు. చెప్పడానికి నేనే దొరికాను. "స్త్రీ ప్రకృతికి సహజ రక్షకురాలు" అని బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి వెనక బెంచీ పిల్ల ఒకతి, "మరి మగవాళ్లు సహజంగా ఏంటి మేడమ్?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, నీతో పని పడింది. ఎస్‌టీడీ బూతులో నిలబడి చెప్పే సంగతి కాదు.

మా చర్చి గుడి వెనక పాత బావి నీకు గుర్తుందా? నా తమ్ముణ్ణి చేసుకుని ఈ ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు అది చెత్తకుప్ప. నువ్వు ముక్కు మూసుకుని దాటావు. నాలుగు ఎండాకాలాల కిందట నల్లాలు ఎండిపోయినప్పుడు మా స్త్రీల సమాజం వాళ్లం కొంగులు బిగించి దాన్ని బాగుచేశాం. నేను దిగలేదులే, గట్టున నిలబడి తట్టలు అందుకున్నాను. దిగింది రోసమ్మ. వీధి చివరింట్లో ఉంటుంది. ఆమెకు సమాజంలో ఏ పదవీ లేదు, కానీ ఆమె 'ఊఁ' అంటే తప్ప అక్కడ ఏదీ జరగదు. పూడికలో చిల్లిపడ్డ బక్కెట్లు, దొరల కాలం నాటి సీసాలు, ఒక కుట్టుమిషను చక్రం దొరికాయి. గుడి కప్పు మీది వాననీరంతా బావికి చేరేట్టు కాలువ తీశాం. చుట్టూ కానుగ మొక్కలు పెట్టాం. మగవాళ్లు గేటు దగ్గర నిలబడి, "ఆడోళ్లు పాతాళానికి తొవ్వ తీస్తున్నరు" అని వేళాకోళం చేశారు. మరుసటి మే నెలలో వీధిలో అన్ని నల్లాలూ బుస్సుమంటే, మా బావిలో చేద మునిగింది. వెనక గల్లీ సాయిబుల ఆడవాళ్లు కూడా అక్కడికే వచ్చారు. నా జీవితంలో నేను చూసిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇప్పుడు దానికి చేటు వచ్చింది. గుడి ప్రహరీ అవతలి స్థలాన్ని మా కమిటీ కోశాధికారి జకర్యాగారు ఒక షెడ్డుకు అద్దెకిచ్చారు. కుళాయిలకు, తలుపు గడియలకు తళతళలాడే పూత వేస్తారు అందులో. వాడిన నీళ్లు పెరట్లో గుంటలోకి వదిలేస్తారు. ఈ వానలు మొదలైనప్పటి నుంచీ బావి నీళ్లు తాగితే నాలుకకు తాళంచెవి తగిలినట్టుంటోంది. బట్టలుతికేవాళ్ల చేతులు పగులుతున్నాయి. కమిటీలో అడిగితే జకర్యాగారు, "రుజువేదమ్మా? చదువుకున్నదానివి, రుజువు తీసుకురా. ఏ రుజువు వస్తే దానికి నేను కట్టుబడతా, నువ్వూ కట్టుబడాలి" అన్నారు. సరేనన్నాను.

కెమిస్ట్రీ చెప్పే మరదలు ఉండగా రుజువుకు కొదవేమిటి? పరీక్ష చేసి పెట్టు.

పీడించని ఆడపడుచు,
దేవకృప

*

కాకినాడ
19 సెప్టెంబర్ 1996

వదినగారికి నమస్కారాలు.

ఆడపడుచులు మూడు చెరువుల నీళ్లు తాగిస్తారని మా అమ్మ చెప్పి మరీ పంపింది. మీరు ఒక్క బావితో సరిపెడుతున్నారు, అదృష్టం.

మా హెడ్డు జోగారావుగారిని అడిగాను. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి, "డిపార్ట్‌మెంటు పేరు మీద కాగితం ఇస్తే రేపు మన మెడకు చుట్టుకోదు గదా లీలమ్మా?" అన్నారు. నా ఉద్యోగం ఇంకా టెంపరరీయే అని గుర్తు చేయడం ఆయన పద్ధతి. చుట్టుకోదని చెప్పాను. మీ తమ్ముడు పండక్కి అక్కడికి వస్తానంటున్నారు కదా, ఆయన చేతికివ్వండి.

గాజు సీసాలు తీసుకోండి. ఆ బావి నీళ్లతోనే బాగా తొలిచి, అవే నీళ్లు మెడదాకా నింపి బిరడా పెట్టండి. మీ చేత్తో మీరే బావిలోంచి తోడండి. ఇంట్లో బిందెలోవి వద్దు, బిందె లోహం నీళ్లలోకి దిగితే లెక్క తప్పుతుంది.

ఒకటి అడగాలనిపించింది, అడిగేస్తున్నాను. నీళ్లు చెడ్డవని తేలితే షెడ్డునే మూయిస్తారని మీకు నమ్మకమేనా? బావినే మూస్తే?

మీరు పంపిన మామిడల్లం పచ్చడి అయిపోయింది. ఇది వినతిపత్రం.

మీ లీల

*

మెట్టుగూడ
20 అక్టోబర్ 1996, ఆదివారం సాయంత్రం

లీలా,

తమ్ముడు లూకా గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరుతున్నాడు. ఆటో గేటు దగ్గరే ఉంది. తొందరలో రాస్తున్నాను.

ఈరోజు మా గుడిలో కోతపండుగ. పొలాల్లేని పట్నంవాళ్లకు కోతేమిటని నువ్వు నవ్వుతావు. నరసాపురంలో మా తాతగారి కాలంలో గుడి ముందు కొత్త ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు పెట్టేవారు. ఇక్కడ మోండా మార్కెట్‌లో కొన్న గుమ్మడికాయలే పెట్టి వేలం వేస్తారు. బావి బాగుపడ్డాక రోసమ్మే అంది: "గుమ్మడికాయ మనం పండించినమా? మనం సంపాయించింది నీళ్లు. గవే ఇద్దాం." అప్పటినుంచి ఏటా స్త్రీల సమాజం తరఫున ఒక బిందెడు బావినీళ్లు ప్రథమఫలంగా బలిపీఠం ముందు పెడుతున్నాం. ఏడాదికొక ఇంటి వంతు. వేలంలో ఆ బిందెను ఎవరు పాడుకున్నా సరే, చివర్లో అందరికీ తలా పుడిసెడు పోస్తారు.

ఈ ఏడు రోసమ్మ వంతు. తెల్లవారుతూనే బంతిపూలు చుట్టి తెచ్చి పెట్టింది. నేను సీసాలతో బావి దగ్గరికి వెళ్లేసరికి గిలక్కి గుడ్డ చుట్టి ఉంది. అదొక నియమం మాకు. పండుగ బిందె తోడాక సాయంత్రం ఆశీర్వాదం అయ్యేదాకా బావిలో చేద వెయ్యకూడదు. దేవుడికిచ్చిన పూట మనం మళ్లీ తోడుకోవడం మర్యాద కాదని. సాయంత్రానికి లూకా రైలు. ఇంకేం చెయ్యను? ఆరాధనకు ముందే ఆ పండుగ బిందెలోంచే సీసాలు తొలిచి నింపాను. బిందెలోవి వద్దన్నావు, తెలుసు. కానీ ఇవి అప్పుడే తోడిన బావినీళ్లేగా. నా చేత్తోనే నింపాను.

రోసమ్మ చూసి, "గా నీళ్లెందుకమ్మా, రేపు తోడి పంపుదం తియ్" అంది. రేపటికి తమ్ముడుండడు కదా అన్నాను. ఇంకేదో అనబోయింది. అంతలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే కొంగు తలమీదికి లాక్కుంది.

నువ్వు నమ్మవు గానీ, ఆ పుడిసెడు నీళ్లు ఈరోజు ఎంత తియ్యగా ఉన్నాయో! భక్తి నాలుకను కూడా మోసం చేస్తుందేమో. నీ సీసాలు మోసపోవులే.

మామిడల్లం ఇప్పుడు దొరకదు. ఉసిరికాయ పంపుతున్నాను, సర్దుకో.

దేవకృప

*

కాకినాడ
12 నవంబర్ 1996

వదినగారూ,

రిపోర్టు జతచేశాను. మీరు కోరుకున్నది కాదు, కోప్పడకండి.

మీ నీళ్లు మంచివి. మరీ మంచివి. పూతల షెడ్డు నుంచి రావలసిన లోహాలేవీ లేవు. అనుమానం తీరక మళ్లీ చేశాను, అదే వచ్చింది. రాతినేల బావిలో ఇంత తేలిక నీళ్లు నేనెక్కడా వినలేదు. మా గోదావరి కాలువ నీళ్లే ఇంతకంటే బరువు! మీ ఇంట్లో కందిపప్పు ఇట్టే ఉడికిపోతుండాలి. మీ వాననీటి కాలువ మహిమో, కానుగచెట్ల మహిమో.

చేతులు పగలడానికి సబ్బు కారణమేమో చూడండి. ఒక్కోసారి మనం భయపడ్డదాని వాసనే మనకు వస్తుంది. సంతోషించాల్సిన మాటను ఓదార్పులా రాస్తున్నాను, ఎందుకో.

మీ లీల

*

మెట్టుగూడ
15 డిసెంబర్ 1996

లీలా,

కట్టుబడతానని మాటిచ్చాను కాబట్టి, నీ రిపోర్టు ఆరాధన అయ్యాక గుడిలో నేనే చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు. జకర్యాగారు లేచి నా చెయ్యి పట్టుకుని, "చదువుకున్న ఆడబిడ్డ అంటే ఇట్లుండాలి. తనకు ఎదురొచ్చినా నిజం చెప్పింది" అన్నారు. ఆ మధ్యాహ్నమే జిరాక్సు తీయించి ఆఫీసుల్లో ఇచ్చి వచ్చారు. షెడ్డు పెంచుకోవడానికి అనుమతి కూడా వచ్చేసిందట. మా కాలేజీ సెమినార్‌లో ఈ బావిని 'ఆదర్శ నమూనా' అన్నారు. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు రోసమ్మను బిందె చంకనెత్తుకుని నిలబడమని ఫొటోలు తీసుకున్నారు. ఆమె నవ్వలేదు. "నవ్వండి" అంటే, "బిందె నవ్వుతుందా?" అంది.

ఇదంతా అయ్యాక ఇంటికొచ్చి గ్లాసుడు బావినీళ్లు నోట్లో పోసుకున్నాను. అదే తాళంచెవి రుచి.

నా నాలుకను నమ్మాలా, నీ కాగితాన్ని నమ్మాలా? నెలరోజులుగా మనసులో నలుగుతున్న మాట రాసేస్తున్నాను. వచ్చే ఎండాకాలం నీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ ఉందని లూకా చెప్పాడు. జోగారావుగారికి మెడకు చుట్టుకునే కాగితాలంటే భయమని నువ్వే రాశావు. "మరీ మంచివి" అని ఎందుకు రాశావు లీలా? అంత గట్టిగా చెప్పాల్సిన అవసరం ఎవరికొచ్చింది?

నేను తప్పుగా అనుకుంటే క్షమించు. తప్పుగా అనుకోకపోతే కూడా నేను అర్థం చేసుకోగలను.

దేవకృప

*

కాకినాడ
4 జనవరి 1997

వదినగారికి,

మీ ఉత్తరం ఆయనకు చూపించలేదు. చూపిస్తే అక్కా తమ్ముళ్ల మధ్య నేను చిచ్చుపెట్టానంటారు. మతం మారకుండా మీ ఇంటి కోడలినయ్యాను. మీ బంధువులంతా నన్నొక రకంగా చూసినప్పుడు, "అది మా పిల్ల" అన్నది మీరు ఒక్కరే. ఆ నోటితోనే "అర్థం చేసుకోగలను" అన్నారు. అర్థం చేసుకోవద్దు. నేను ఆ పని చేయలేదు.

ఒక్క సంగతి. మరీ మంచివి అని రాసింది మిమ్మల్ని నమ్మించడానికి కాదు, నాకు నమ్మకం కుదరక. ఆ నీళ్లలో ఉండాల్సిన సున్నం కూడా లేదు. షెడ్డు ఉన్నా లేకపోయినా మీ నేలలో బావినీళ్లు అట్లా ఉండవు. అప్పుడే రాశాను, మీరు పప్పు ఉడకడం గురించి అనుకున్నారు.

వదినగారూ, ఆ నీళ్లు ఎక్కడివి?

లీలాకుమారి

*

మెట్టుగూడ
27 ఏప్రిల్ 1997

లీలా, నా తల్లీ,

నీ ప్రశ్న నాకు జనవరిలోనే అర్థమైంది. పండుగనాటి తియ్యదనం నోట్లోకి తిరిగి వచ్చింది. అడగాల్సినది ఎవరినో కూడా తెలుసు. అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని పరీక్ష పేపర్లున్నాయనుకున్నాను, జ్వరమనుకున్నాను. అట్లా ఎండలు ముదిరాయి. నల్లాలు ఆగాయి.

రోసమ్మ కోడలు డోరా నీకు తెలియదు. పోయిన క్రిస్మస్‌కు ముందే మంచిర్యాల నుంచి కాపురానికి వచ్చింది. నెమ్మదైన పిల్ల. కడుపుతో ఉంది. ఉంది అని రాశాను చూడు. పోయిన వారం బిడ్డ దక్కలేదు. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మను నేనే నిలేసి అడిగాను, నీళ్ల వల్లనా అని. "ఎన్నో కారణాలుంటాయమ్మా. రక్తం లేదు, వయసు చిన్నది, ఎండలు. ఏదని చెప్పమంటారు?" అంది. వార్డు బయట బల్లమీద రోసమ్మ పక్కన కూర్చుని అప్పుడు అడిగాను.

"రోసమ్మా, పండుగనాటి బిందెలో నీళ్లు ఎక్కడివి?"

ఆమె తల తిప్పలేదు. "నల్లావి. పొద్దుగాల మంజీర నీళ్లొచ్చినయ్, గవే పట్టిన."

"బావివి కావా?"

"ఏందమ్మా గట్లడుగుతవ్? దేవునికి గలీజ్ నీళ్లెట్ల ఇస్తం? వాసనొచ్చేటియి ఆయన ముంగట పెట్టాల్నా? నేనొక్కదాన్నే కాదు, సమాజంల అందరికెరుక. నీకు సుత ఎరుకే అనుకున్న."

"మరి నేను సీసాలు నింపుతుంటే చెప్పొద్దా?"

"చెప్దామనే అనుకున్న. గుడి నిండ జనం. పాస్టరయ్య కండ్లు మూసిండు. బిందెల నల్లా నీళ్లు పోసిననని జకర్యా సార్ ఇనంగ చెప్పమంటవా? ఆడోళ్లు దేవున్నే మోసం జేసిండ్రని ఏడాదంతా నవ్వుతడు." మళ్లీ తనే అంది: "ఇగ నువ్వు కాగితం చదివినవ్. నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత అనుకున్న, పోనీ తియ్, బావి అయితే బతికింది గదా అని. ఆ పక్క బస్తీల నీళ్లు ఖరాబని రాసిండ్రు, వారం తిరగకుంట మట్టి పోసి బావిని పూడ్చిండ్రు. చూసిన నేను."

"ఇంట్లో మీరంతా తాగడం మానేశారా?"

"తాగుటానికి నల్లావే పడుతుంటిమి. నల్లా బంద్ అయింది. 'బావియి జెర తక్కువ తాగు బిడ్డా' అన్న. 'టీచరమ్మ గుడిల చదివింది గదా అత్తమ్మా, మంచియేనని' అన్నది. ఇగ ఏమని ఆపాలె? చెప్పు, ఏమని ఆపాలె?"

లోపలినుంచి డోరా ఎవరినో నీళ్లడుగుతోంది. మేమిద్దరం ఒకేసారి లేచి, ఇద్దరమూ నిలబడిపోయాం.

నీమీద అనుమానపడ్డందుకు ఏ మాట రాసినా చాలదు. ఈసారి గిలక తాడు నేనే లాగాను, నేనే నింపాను. లూకా స్నేహితుడు యేసురాజు కాకినాడ వస్తున్నాడు, అతనితో పంపుతున్నాను. పరీక్ష చేస్తావో పారబోస్తావో నీ ఇష్టం.

కృప

*

కాకినాడ
2 జులై 1997

వదినా,

'గారు' ఈసారికి తీసేశాను. ఏడ్చినవాళ్ల మధ్య అది అడ్డం.

కాలేజీ సెలవులవల్ల ఆలస్యమైంది. అంకెలన్నీ రిపోర్టులో ఉన్నాయి, ఇక్కడ రాయడం నా వల్ల కాదు. ఆ నీళ్లు తాగడానికే కాదు, గిన్నెలు కడగడానికి కూడా పనికిరావు. వాటిలో ఉన్నది షెడ్డు పూతకు వాడే లోహమే. ఇంకెక్కడినుంచీ రాదు.

డోరా సంగతి ఈ అంకెలు చెప్పలేవు. 'దానివల్లే' అని నేను రాయలేను, 'కాదు' అనీ రాయలేను. అది తెలుసుకునే దారి దాటిపోయింది.

జోగారావుగారి దగ్గరికి వెళ్లి, మొదటి రిపోర్టు తప్పుడు నీళ్లది, వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన కళ్లజోడు తియ్యలేదు. అంటే నిజంగా భయపడ్డారన్నమాట. "ఎంక్వైరీ వేస్తారు. నీ ఇంటర్వ్యూ వాయిదాపడి ఇంకా జరగనేలేదు. ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకున్నాను. కొత్త రిపోర్టు మీద సంతకం పెట్టాను. ఉద్యోగం పోతే ట్యూషన్లు చెప్పుకుంటాను. మీ తమ్ముడు తనే టీ పెట్టి తెచ్చారు.

కాబట్టి నా గురించి ఆలోచించి ఆగకండి. వెంటనే ఇచ్చేయండి. బావి పోతే పోనివ్వండి. బావికంటే మనుషులు ముఖ్యం కదా. ఇందులో ఆలోచించడానికేముంది?

లీల

*

మెట్టుగూడ
18 అక్టోబర్ 1997, శనివారం

లీలా,

ఆలోచించడానికేముందని అడిగావు. మూడు నెలలుగా ఆ ఉత్తరం నా బైబిల్లోనే ఉంది. నీ మాట కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. అయినా రిపోర్టు ఇంకా నా దగ్గరే ఉంది.

అట్లాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇంటింటికీ తిరిగాను, తాగొద్దని. వెనక గల్లీలో మహబూబీ అయితే గుమ్మంలోనే నిలదీసింది: "ఏం టీచర్, పరేషాన్ చేస్తరు? అప్పుడు అచ్ఛా అన్నరు, ఇప్పుడు ఖరాబ్ అంటరు. ఒక్క మాట మీద ఉండుండ్రి. నల్లా మీరు తెచ్చిస్తరా?" జకర్యాగారు నేను చదివిన కాగితాన్ని అద్దం కట్టించి గుడి వరండాలో వేలాడదీశారు. నేనేం చెప్పినా దానివైపు వేలు చూపిస్తున్నారు. ఒకరోజు గిలక తాడు విప్పి ఇంటికి తెచ్చేశాను. మర్నాటికి ఎవరో కొత్త తాడు కట్టారు. కాగితాన్ని ఇంకో కాగితమే దించాలి, నోటిమాట వల్ల కాదు.

నీ కొత్త కాగితం పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను కూడా. చేతికివ్వకుండా ముందు అడిగాను, ఇస్తే ఏం చేస్తారని. అక్కడి ఆయన మర్యాదస్తుడే, కుర్చీ వేశాడు. "కలుషితమని తేలితే బావి పూడ్చడం మా డ్యూటీ మేడమ్, వారంలో పూడుస్తాం. షెడ్డు విషయం మాది కాదు, ఇంకో ఆఫీసు. వాళ్లు నోటీసిస్తారు, షెడ్డువాళ్లు జవాబిస్తారు, అది అట్లా నడుస్తది" అన్నాడు. బయటికి వచ్చేశాను. మొట్టమొదటి ఉత్తరంలోనే నువ్వడిగావు, బావినే మూస్తే అని. నేను పచ్చడి గురించి జవాబు రాశాను.

జకర్యాగారికి ఆ బావి స్థలంలో దుకాణాలు కట్టాలని ఉంది. బావి పూడితే ఆయనకు పండుగే. షెడ్డు వెళ్లకపోతే పూడ్చిన బావి కింద నేలలో ఆ విషం అట్లాగే పారుతూ ఉంటుంది. మన కళ్లకు కనబడదు, అంతే.

రోసమ్మకు రిపోర్టు చూపించాను. చదవలేదు, అరచేత్తో ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి ఇచ్చేసింది. "ఇస్తే ఇయ్యి. నేనడ్డం రాను. నల్లా నీళ్లు పోసింది నేనే అని గుడిల నిలబడి చెప్తా, నవ్వేటోళ్లు నవ్వనీ" అంది. గేటుదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "ఒక్కటి చెప్పు. బావి పోతే మేమెవ్వరమమ్మా? మల్ల నల్లా కాడ బిందెలతోని తలలు పగలగొట్టుకునే ఆడోళ్లమే గదా?"

ఈ మాటకు జవాబు నా సిలబస్‌లో లేదు. ఈ నాలుగైదేళ్లలో ఆ గట్టుమీద ఏం జరిగిందో నేను చూశాను. సమాజం అంటే ఈస్టరుకు టీ కాచే ఆడవాళ్లు అనుకునే కమిటీ, వాళ్లను కూర్చోబెట్టి అడగడం నేర్చుకుంది. మహబూబీ, రోసమ్మ ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకున్నారు. కానుగచెట్లు నా ఎత్తు దాటాయి. అదంతా ఆ నీళ్లమీదే నిలబడింది. ఆ నీళ్లలోనే డోరా మునిగింది, లేదా మునగలేదు. నాకు తెలియదు, డాక్టరమ్మకు తెలియదు, నీ అంకెలకూ తెలియదు.

ఇవాళ పొద్దున డోరా వచ్చింది. బిడ్డ పోయాక మంచిర్యాల వెళ్లి నిన్ననే తిరిగొచ్చింది, మనిషి సగమైంది. చంకలో ఖాళీ ఇత్తడి బిందె, చింతపండు పెట్టి తోమింది, మెరిసిపోతోంది. "ఈసారి కోతపండుగ మీ వంతంట గదా ఆంటీ. అత్తమ్మ పంపింది" అని గడప పక్కన దించింది. కాసేపు కానుగచెట్లవైపు చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా, "తెల్లారి నేను సుత వస్త. చేద నేనే లాగుత. మొక్కుకున్న. మొదటి పుడిసెడు నేనే తాగుత, మల్ల కడుపు పండాలని" అంది.

వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. ఏమని చెప్పను? పోయినేడు బిందెలో నల్లానీళ్లని చెప్పనా, ఆ మాట చెబితే తను నమ్మిన కాగితం అబద్ధమని కూడా చెప్పాలి. అది చెబితే ఆ పిల్ల ఇవాళ్టినుంచి అత్తగారి మొహం ఎట్లా చూస్తుంది, నా మొహం ఎట్లా చూస్తుంది? "ఎండ ఎక్కకముందే ఇంటికి వెళ్లమ్మా" అన్నాను. అంతే అన్నాను, లీలా.

రేపు ఆదివారం. నల్లా కూడా రేపు తెల్లవారే వస్తుంది. డోరా రాకముందే లేచి నల్లానీళ్లు పట్టి పూలు చుట్టేస్తే ఆ పిల్ల మంచినీళ్లు తాగుతుంది, కానీ నేను ఆ పాత అబద్ధానికి ఇంకో ఏడాది ప్రాణం పోసినదాన్నవుతాను, ఎల్లుండినుంచి ఆమె బావినీళ్లే తాగుతుంది. బావినీళ్లే తోడి, బలిపీఠం ముందు పెట్టి, "ఇవి తాగొద్దు, ఇదిగో రుజువు" అని నీ కాగితం చదివితే వారంలో మట్టి లారీలు వస్తాయి, రోసమ్మ దిగిన బావిలో రోసమ్మ కళ్లముందే పోస్తారు. షెడ్డు మాత్రం సోమవారం మామూలుగా తెరుస్తారు.

బావికంటే మనుషులు ముఖ్యం అన్నావు. నిజమే. ఆ బావి లేకపోతే వాళ్లు ఎట్లాంటి మనుషులుగా మిగులుతారన్నదే నాకు తెగడం లేదు. నీళ్లకు కాపలా మాకు హక్కుగా వచ్చిందా, చాకిరీగా వచ్చిందా అని నిన్ను అడిగాను కదా. ఇప్పటికీ తెలియదు. కాపలా ఉన్నవాళ్లకే మొదట విషం తగులుతుందని మాత్రం తెలిసింది.

కాగితం బైబిల్లోంచి తీసి బిందె పక్కన పెట్టాను. ప్రార్థన చేద్దామని కూర్చుంటే ఏమని అడగాలో తోచక నీకు రాస్తున్నాను. ఇది నీకు చేరేసరికి పండుగ అయిపోయి ఉంటుంది. ఏం చేశానో నీకు ఎవరో ఒకరు చెబుతారు. ఈ ఉత్తరం మడిచేటప్పటికి మాత్రం, ఆ బిందెలో ఏ నీళ్లు పోయాలో నేను తేల్చుకోలేకపోయాను.

కృప